జేబు మీద కుట్టు: పెరికె ఎద్దుల కాలం నుంచి క్లాంపు ఫ్రేము దాకా

జూన్‌లో హాస్టల్ తెరిచిన మొదటి వారం ఎంత హడావుడిగా ఉంటుందో తోటి వార్డెన్లకు చెప్పనక్కర్లేదు. ట్రంకు పెట్టెలు, ప్లేట్లు, దుప్పట్లు, వాటితోపాటు బ్యాగులు. ఒకే సంతలో కొన్న ఒకే రంగు బ్యాగులు పదిహేనో ఇరవయ్యో ఉంటాయి. రెండేళ్ల కింద ఇద్దరు ఆరో తరగతి పిల్లలు ఒక నీలం బ్యాగు పట్టుకుని, నాదంటే నాదని గొడవపడుతూ నా గదికి వచ్చారు. పేరు రాసి లేదు. పుస్తకాలు ఇంకా ఇవ్వలేదు. ఎవరిదని తేల్చాలి?

అందులో ఒక పిల్ల ముందు జేబు జిప్పు తీసి, జేబును తిరగేసి చూపించింది. లోపల అరచేతి వెడల్పు గుడ్డ ముక్క వేసి కుట్టి ఉంది. ఎర్ర గుడ్డ మీద పసుపు దారం, తెల్ల దారం, ఒక మూలన గవ్వ. "మా దాదీ కుట్టింది మేడమ్. జేబు చినుగుతదని పాత ఫేటియా ముక్క లోపట ఏసింది" అంది. రెండో పిల్ల ఏమీ మాట్లాడకుండా బ్యాగు వదిలేసింది.

ఈ ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని మన సంఘం పెద్దలు అడిగినప్పుడు నాకు ఆ జేబే గుర్తొచ్చింది. మన లంబాడా కుట్టు గురించి రాసేవాళ్లు ఫేటియా, కాంచళి, టుక్రి గురించి రాస్తారు. సంచి గురించి, జేబు గురించి రాసేవాళ్లు తక్కువ. కానీ ఈ రోజు బజారులో మన కుట్టు పేరుతో ఎక్కువగా అమ్ముడయ్యేవి సంచులే. అవి చేతి నుంచి మిషను మీదికి పోయాయి. ఇప్పుడు క్లాంపు ఫ్రేము వచ్చింది కాబట్టి కుట్టేసిన బ్యాగు మీద, తయారైన జేబు మీద కూడా నేరుగా ఎంబ్రాయిడరీ వేస్తున్నారు. కుట్టు పని సంచి కుట్టకముందు పడుతుందా, కుట్టిన తర్వాత పడుతుందా? చిన్న ప్రశ్నే. కానీ మనం ఏం దాటి వచ్చామో, ఏం పోగొట్టుకున్నామో అందులోనే తెలుస్తుందని నాకు అనిపించింది.

సంచిలోనే సంసారం

మన పూర్వీకులు ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు మోసినవాళ్లు. 17వ శతాబ్దంలో గోల్కొండకు వచ్చిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తావెర్నియే ఈ బిడారులను కళ్లారా చూసి రాశాడు. ఒక్కో గుంపులో పదివేలు, పన్నెండువేల ఎద్దులు ఉండేవని, దారి ఇరుకైన చోట అవన్నీ దాటిపోయేదాకా బాటసారులు రెండు మూడు రోజులు ఆగాల్సి వచ్చేదని అతని రాతల్లో ఉంది. మొఘలుల సైన్యానికీ దక్కను సుల్తానుల సైన్యానికీ తిండి గింజలు చేర్చింది ఈ ఎద్దులే. 1803 మరాఠా యుద్ధంలో ఇంగ్లిషు సేనాని ఆర్థర్ వెల్లెస్లీ కూడా తన దండుకు ధాన్యం కోసం బంజారాల మీదే ఆధారపడ్డాడు.

అలా తిరిగే మనిషికి గోడ లేదు, అటక లేదు, బీరువా లేదు. ఉన్నదంతా సంచిలోనే. ఎద్దు వీపున రెండు వైపులా వేలాడే పెరికె సంచి, ఆడవాళ్ల నడుముకు వేలాడే చిన్న తిత్తి, వక్కాకు సంచి, పెళ్లి కూతురితో పంపే కుట్టు సంచి. మా తండాలో చేసంచిని కోత్‌ళీ అంటారు. ముందు నడిచే ఎద్దుకు గవ్వలు, గంటలు, అద్దాల గుడ్డలు కట్టేవారు.

ఆ సంచుల మీద కుట్టు అందానికి మాత్రమే కాదు. పాత గుడ్డలు రెండు మూడు పొరలు వేసి, వాటి మీద దగ్గర దగ్గరగా రన్నింగు కుట్టు, గొలుసు కుట్టు, అడ్డ కుట్టు వేస్తే పొరలన్నీ ఒకటై గుడ్డ గట్టిపడుతుంది. మూలల్లో గవ్వలు కుడితే మూల అరగదు. సంచి ఎక్కడ ఎక్కువ రాపిడి పడుతుందో అక్కడ కుట్టు చిక్కగా ఉంటుంది. అందుకే మన ఆడవాళ్లు ముందు చదునుగా పరిచిన గుడ్డ మీద కుట్టు పని పూర్తిచేసి, తర్వాత దాన్ని మడిచి సంచి చేసేవారు. ముందు కుట్టు, తర్వాత సంచి. వరుస అదే.

కుట్లకు పేర్లున్నాయి. కర్ణాటకలోని సండూరు లంబానీ కుట్టులో పద్నాలుగు రకాలు లెక్క పెట్టారు. కిలన్, వేలె, బక్యా, మాకి, సూర్యకాంతి మాకి, కాన్స్, తేరా డోరా, రేలో, గద్రి, నక్రా లాంటివి వాటిలో కొన్ని. ఈ పేర్లలో రెండు మూడు మాత్రమే మా అమ్మ నోట విన్నాను. మిగతావి తెలిసినవాళ్లు మీ తండాలో ఉండవచ్చు. ఆ సంగతికి చివర్లో వస్తాను.

రైలు, చట్టం, తండా

1853లో బొంబాయి, ఠాణాల మధ్య రైలు నడిచింది. 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు రైలు వచ్చింది. ఒక గూడ్సు బండి మోసే సరుకుతో వేల ఎద్దులు పోటీ పడలేవు. ఉప్పు మీద సర్కారు గుత్తాధిపత్యం అంతకుముందే దెబ్బ తీసింది. బతుకు తెరువు పోయి తిరుగుతున్న జనాన్ని చూసి పాలకులు అనుమానపడ్డారు. 1871లో తెచ్చిన నేరస్థ తెగల చట్టం నీడ మన జాతి మీద కూడా పడింది. ఆ చట్టం 1952లో గానీ పోలేదు.

ఎద్దులు పోయాయి, తండాలు మిగిలాయి. పెరికె సంచి అవసరం తీరిపోయింది. కానీ కుట్టు ఆగలేదు. 1909లో ఎడ్గార్ థర్స్టన్ అచ్చు వేయించిన దక్షిణ భారత కులాలు, తెగల సంపుటాల్లో లంబాడీ స్త్రీల వేషం గురించి వివరంగా ఉంది. అంటే ఎద్దుల బిడారు ఆగిపోయిన తర్వాత కూడా మన ఆడవాళ్లు కుట్టు వదలలేదన్నమాట. సంచి మీది కుట్టు కాంచళి మీద, ఫేటియా అంచు మీద నిలబడింది.

1976 చట్ట సవరణతో తెలంగాణ లంబాడాలు షెడ్యూల్డు తెగల జాబితాలో చేరారు. మా తరం ఆడపిల్లలు హాస్టల్లో ఉండి చదువుకోవడానికి దారి పడింది అక్కడే. నేను దేవరకొండ వైపు తండా నుంచి ట్రంకు పెట్టె, ఒక గుడ్డ సంచి పట్టుకుని హాస్టల్‌కు వచ్చాను. ఆ సంచి మీద మా యాడీ కుట్టు ఉంది. తోటి పిల్లలు నవ్వుతారని సిగ్గుపడి, కుట్టు కనపడకుండా సంచిని తిరగేసి పట్టుకునేదాన్ని. ఇప్పుడు రాస్తుంటే బాధగా ఉంది గానీ జరిగింది అదే.

మిషను వచ్చిన దారి

మన దగ్గర ఇలా ఉండగా ఐరోపాలో చేతి కుట్టును మిషనుతో చేయించే ప్రయత్నాలు మొదలయ్యాయి. 1828లో ఫ్రాన్సులోని ముల్‌హౌస్‌లో జోషువే హైల్‌మాన్ ఎంబ్రాయిడరీ మిషను కనిపెట్టాడు. ఒక మనిషి బొమ్మ గీతల వెంట ఒక కడ్డీ కదిలిస్తుంటే, వరుసగా బిగించిన ఎన్నో సూదులు అదే బొమ్మను గుడ్డ మీద ఒకేసారి కుట్టేవి. 1863లో స్విట్జర్లాండ్‌కు చెందిన ఇసాక్ గ్రోబ్లి, పడవ ఆకారపు షటిల్‌తో నడిచే మిషను చేశాడు. వాళ్ల భాషలో షిఫ్లి అంటే చిన్న పడవ. ఆ మిషనుకు అదే పేరు నిలిచింది. ఇంచుమించు ఆ రోజుల్లోనే ఫ్రాన్సులో బొన్నా అనే ఆయన కొక్కెం సూదితో గొలుసు కుట్టు వేసే మిషను చేశాడు. ఆ కొక్కెం సూది కుట్టు తూర్పు దేశాల నుంచే ఐరోపాకు చేరింది. మన ఊళ్లలో ఇప్పుడు పెళ్లి జాకెట్లకు వేసే మగ్గం వర్కు సూది కూడా ఆ కొక్కెం సూదే. మన చేతుల్లోంచి పోయినదే మిషనుగా మారి తిరిగి వచ్చిందన్నమాట.

మన పల్లెలకు వచ్చింది తొక్కుడు మిషను. నేను టీచర్ ట్రైనింగ్ చదివే రోజుల్లో ఎంబ్రాయిడరీ లోయర్ గ్రేడ్ పరీక్ష కూడా రాశాను. పాదం తీసేసి, గుడ్డను ముందుకు నెట్టే పళ్లను కిందికి దించి, చెక్క రింగులో గుడ్డ బిగించి, రెండు చేతులతో రింగును తిప్పుతూ పువ్వు కుట్టాలి. కాలు ఒక లెక్కలో, చేయి ఒక లెక్కలో నడవాలి. సూది వేలికి దిగిన రోజులు కూడా ఉన్నాయి.

తర్వాత కంప్యూటర్ మిషన్లు వచ్చాయి. తజిమా, బారుడాన్ లాంటి జపాన్ కంపెనీల మిషన్లు, వాటిని చూసి చేసిన చైనా మిషన్లు ఇప్పుడు మన జిల్లా కేంద్రాల్లో కూడా ఉన్నాయి. సూది ఒకే చోట పైకీ కిందికీ ఆడుతుంది, ఫ్రేము అటూ ఇటూ కదులుతుంది. నిమిషానికి వెయ్యి కుట్ల దాకా వేస్తుంది. బొమ్మను కంప్యూటర్లో కుట్లుగా మార్చే పనిని ఆ షాపుల్లో పంచింగ్ అంటారు. వెనకటికి కార్డులకూ కాగితపు టేపుకూ రంధ్రాలు కొట్టి మిషనుకు బొమ్మ చెప్పేవారు. కార్డులు పోయినా మాట మిగిలింది.

రింగుకు చిక్కని జేబు

చెక్క రింగు కానివ్వండి, కంప్యూటర్ మిషను ప్లాస్టిక్ రింగు కానివ్వండి, సూత్రం ఒకటే. లోపలి రింగుకూ బయటి రింగుకూ మధ్య గుడ్డ ఇరికి, డప్పు తోలులా బిగుసుకోవాలి. దానికి గుడ్డ పలుచగా, చదునుగా ఉండాలి. కుట్టేసిన బ్యాగు అలా ఉండదు. దళసరి కాన్వాసు గుడ్డ, మధ్యలో జిప్పు, పక్కన పట్టీ, మూలల్లో నాలుగు పొరల మడత. రింగు పడితే జారిపోతుంది, బలవంతంగా బిగిస్తే గుడ్డ మీద మచ్చ పడుతుంది. జేబు సంగతి ఇంకా కష్టం. జేబు రింగు కంటే చిన్నది, పైగా దాని వెనుక ఇంకో పొర ఉంది. కాబట్టి ఎంత పెద్ద ఫ్యాక్టరీ అయినా జేబు ముక్క మీద ముందు ఎంబ్రాయిడరీ వేసి, ఆ తర్వాతే చొక్కాకో బ్యాగుకో కుట్టేది. అంటే మన ఆడవాళ్ల వరుసే మిషనుకు కూడా తప్పలేదు.

ఇది నాకు పుస్తకం చదివితే తెలియలేదు, దెబ్బ తిన్నాక తెలిసింది. నీలం బ్యాగు గొడవ తర్వాత పిల్లల బ్యాగుల ముందు జేబు మీద హాస్టల్ పేరు, పిల్ల నంబరు కుట్టించాలనుకున్నాను. పట్నంలో ఒక షాపులో ముందు ఐదు బ్యాగులు ఇచ్చాను. తిరిగి తెచ్చాక పిల్లలు పెన్నులు పెట్టుకోబోతే చెయ్యి లోపలికి పోవడం లేదు. ముందు పొర, వెనుక పొర కలిపి కుట్టేశారు. అక్షరాలు చక్కగా ఉన్నాయి, జేబు మూసుకుపోయింది. పిల్లలు కింద పడి నవ్వారు. షాపతన్ని అడిగితే, "బ్యాగు కుట్టినంక ఇట్లనే అయితది మేడమ్. జేబు ఊడదీసి తెస్తే మంచిగ ఏస్త" అన్నాడు. నలభై బ్యాగుల జేబులు ఊడదీసేది ఎవరు, మళ్లీ కుట్టేది ఎవరు?

ఇంకో షాపులో క్లాంపు ఫ్రేము ఉంది. అక్కడ అరపూట కూర్చుని చూశాను. ఆ మిషనుకు బాబిన్ ఉండే కింది భాగం బల్లలా ఉండదు, సన్నటి చేయిలా ముందుకు పొడుచుకుని ఉంటుంది. ఫ్రేములో కింద సన్నటి లోహపు చట్రం, దాని మధ్యలో కిటికీలాంటి ఖాళీ. పైన రెండు దవడలు. జేబు నోరు తెరిచి కింది చట్రాన్ని లోపలికి దూర్చుతారు. గుడ్డను కిటికీ మీద చదును చేసి మీట నొక్కితే పై దవడలు దిగి ముందు పొరను మాత్రమే పట్టుకుంటాయి. మిషను చేయి కూడా జేబు లోపలికే పోతుంది. మిగతా బ్యాగంతా కింద వేలాడుతుంది. సూది దిగేది ఒక్క పొరలోకే కాబట్టి జేబు మూసుకుపోదు. జిప్పు దగ్గర, అంచు దగ్గర దళసరి తేడా ఉన్నా దవడలు పట్టు వదలవు. రింగు మచ్చ పడదు.

జాగ్రత్తలు లేకపోలేదు. బొమ్మ కిటికీ కంటే చిన్నదిగా ఉండాలి. కొలత తప్పితే సూది లోహం మీద పడి విరుగుతుంది. అందుకే కుట్టు మొదలుపెట్టే ముందు బొమ్మ చుట్టుకొలత వెంట ఫ్రేమును ఒకసారి ఖాళీగా తిప్పి చూస్తారు. గుడ్డ వదులుగా ఉంటే సూదితోపాటు పైకి లేచి దారం తెగుతుంది, అక్షరాల అంచు పక్కకు జరుగుతుంది. కింద బ్యాకింగ్ పేపరు పెట్టాలి. దళసరి బ్యాగుకు వేగం తగ్గించాలి. మిషను చేయి దూరనంత చిన్న జేబుకు క్లాంపు కూడా పనికిరాదు. ఇన్ని తెలిస్తే ఒక జేబుకు కొద్ది నిమిషాలే. నలభై బ్యాగులూ ఒక్క రోజులో అయిపోయాయి. ఆ ఏడాది బ్యాగు గొడవ ఒక్కటి కూడా నా గదిదాకా రాలేదు.

క్లాంపు ఫ్రేము చేసిన పెద్ద మార్పు ఇక్కడే ఉంది. వందల ఏళ్లుగా ముందు కుట్టు, తర్వాత సంచి. ఇప్పుడు ముందు సంచి, తర్వాత కుట్టు. ఎక్కడో తయారైన ఏ బ్యాగు మీదైనా, చివరి నిమిషంలో, ఎవరి గుర్తైనా వేయవచ్చు. మన గుర్తు కూడా.

మిషనుకు రానిది, మన దగ్గర పోయింది

నేను ఇంటర్ చదివే రోజుల్లో పాత బట్టలు కొనే ఒకతను మా తండాకు వచ్చాడు. మా యాడీ తన పెళ్లినాటి కాంచళి, రెండు ఫేటియాలు ఇచ్చి కొత్త స్టీలు గిన్నెలు తీసుకుంది. ఆమె తప్పేమీ లేదు. ఇంట్లో గిన్నెలు లేవు, కాంచళి కట్టే రోజులు పోయాయి. చాలా ఏళ్ల తర్వాత హైదరాబాదులో ఒక ఎగ్జిబిషన్‌లో పాత లంబాడా గుడ్డల ముక్కలు అతికించిన చేసంచులు చూశాను. కాంచళి ముందు భాగాన్ని కత్తిరించి సంచి మీద వేశారు. అది మా అమ్మది కాకపోవచ్చు. ఎవరో ఒక అమ్మదే కదా.

ఆ పాత గుడ్డలు అయిపోతూ వచ్చాక వాటి బొమ్మలు మిషనెక్కాయి. మా హాస్టల్లో చదివిన ఒక అమ్మాయి ఇప్పుడు పట్నంలో కంప్యూటర్ ఎంబ్రాయిడరీ షాపులో పనిచేస్తోంది. సొంత సంపాదన మీద తమ్ముణ్ని చదివిస్తోంది. ఆమెను చూసి గర్వపడతాను. ఒకరోజు ఫోన్ చేసి, "మేడమ్, మనోళ్ల కాంచళి ఫోటో ఇచ్చి బ్యాగులకు పంచింగ్ చెయ్యమన్నరు. బంజారా డిజైన్ అని షాపు పేరుతోటి ట్యాగు ఏస్తరట" అంది. బొమ్మ మనది, మిషను నడిపే చేయి మనది, పేరు మాత్రం మనది కాదు.

దీనికి ఒక దారి సండూరు చూపించింది. సండూరు లంబానీ కుట్టుకు 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023 జులైలో హంపిలో జీ-20 సాంస్కృతిక సమావేశం జరిగినప్పుడు, 450 మందికి పైగా లంబానీ స్త్రీలు కుట్టిన 1755 వస్తువులను ఒక్కచోట పెట్టి గిన్నిస్ రికార్డు సాధించారు. అందులో సంతోషించాల్సింది చాలా ఉంది. అయితే భౌగోళిక గుర్తింపు ఆ ప్రాంతానికే చెందుతుంది. మన తండాల్లోని ఆడవాళ్లు సండూరు పేరు పెట్టుకోలేరు. మన కుట్టుకు మన చోటు పేరు మనమే సంపాదించుకోవాలి.

మిషనుకు చేతకానివి కూడా ఉన్నాయి. గాజు అద్దాన్ని దారాలతో చుట్టి బంధించడం సూదికి రాదు. అక్కడ మెరిసే ప్లాస్టిక్ బిళ్ల వేస్తారు. గవ్వ చేత్తోనే కుట్టాలి. తయారైన జేబు మీద వేసేటప్పుడు క్లాంపు ఫ్రేము పట్టుకునేది ముందు పొరనే కాబట్టి, పాత గుడ్డ పొరలను ఒకటి చేసే కుట్టు అక్కడ పడదు.

మా హాస్టల్లో చేస్తున్నది

నీలం బ్యాగు పిల్లను దసరా సెలవులకు తీసుకుపోవడానికి వాళ్ల దాదీ వచ్చింది. మిషను మీద వేయించిన జేబు ఆమెకు చూపించాను. అక్షరాలు వేలితో తడిమింది. జేబు తిరగేసి వెనుక చూసింది. తెల్ల బాబిన్ దారం, అంటుకున్న పేపరు. "మంచిగున్నది బిడ్డా. గుడ్డ గట్టిపడ్డదా మరి?" అని అడిగింది. నేను జవాబు చెప్పలేకపోయాను. ఆమె దృష్టిలో కుట్టంటే గుడ్డకు బలం. మన పిల్లలకు చెప్పాల్సిన పాఠం ఇదే అనుకున్నాను.

అప్పటి నుంచి మా హాస్టల్లో పని రెండుగా పంచుకున్నాం. పేరు, నంబరు మిషనుకు వదిలేశాం. అది వేగంగా, చదవడానికి వీలుగా వేస్తుంది. మన కుట్టు మాత్రం చేత్తోనే, పాత వరుసలోనే. ఆదివారం మధ్యాహ్నం ఇష్టమున్న పిల్లలు కూర్చుంటారు. చిన్న జేబు ముక్క కత్తిరించి, వెనుక పాత గుడ్డ పొర వేసి, ముందు కుట్టు వేసి, తర్వాత దాన్ని చేసంచికి జేబుగా కుడతారు. కోయ పిల్లలు, ఎరుకల పిల్లలు కూడా వస్తారు. వాళ్లు వాళ్ల ఇళ్లలో చూసిన గుర్తులు వేస్తారు. పై తరగతి పిల్లల్లో మిషను నేర్చుకోవాలనుకునేవాళ్లకు క్లాంపు ఫ్రేము సంగతి కూడా చెబుతాను. అది రేపు వాళ్లకు అన్నం పెట్టే పని. దాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు మనకు లేదు.

ఈ సంచిక చదివే అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు నాలుగు మాటలు. ఇంట్లో పాత కాంచళి, పాత సంచి ఉంటే గిన్నెలకు ఇవ్వకండి. ఇవ్వక తప్పకపోతే ముందూ వెనుకా ఫోటో తీసి ఉంచండి. మీ దాదీ, నానీ దగ్గర కూర్చుని ఒక్కో కుట్టు పేరు అడిగి, గోర్ బోలిలో ఎలా పలుకుతారో అలాగే తెలుగు అక్షరాల్లో రాసి పెట్టండి. మన పిల్లలు ఎంబ్రాయిడరీ షాపుల్లో ఉంటే, మన బొమ్మ పంచింగ్ చేసినప్పుడు ట్యాగు మీద తండా పేరు వేయమని అడగమనండి. ఇస్తారో లేదో తర్వాత, అడగడం మొదలవ్వాలి. ఇలా పోగైన పేర్లు, ఫోటోలు ఒక్కచోట చేర్చితే, రేపు మన కుట్టుకు గుర్తింపు అడిగేటప్పుడు చేతిలో ఆధారం ఉంటుంది. ఈ పని మన సంఘం పెట్టుకోవాలని నా మనవి.

ఆ నీలం బ్యాగు పిల్ల ఇప్పుడు ఎనిమిదో తరగతి. బ్యాగు మారింది. పాత జేబు లోపలి ముక్కను ఊడదీసి కొత్త బ్యాగు జేబుకు వేసుకుంది. ఈసారి లోపల కాదు, బయట.

జై సేవాలాల్.